నాన్న అంబాసిడర్‌కి పవర్ స్టీరింగ్: తుక్కు సామానుతో ఏం చేశాం, ఎక్కడ తప్పు చేశాం



ఈ మధ్య నన్ను ఎవరు కలిసినా ఒకే మాట అడుగుతున్నారు. "అన్నా, మీ నాన్నగారు ఆ అంబాసిడర్ స్టీరింగ్‌ని ఒంటి చేత్తో తిప్పేస్తున్నారేంటి? దాంట్లో పవర్ స్టీరింగ్ ఉండదు కదా?" అని. నిజమే, మా బండికి కంపెనీ ఇవ్వలేదు. మేమే పెట్టాం. అది కూడా తుక్కు షాపులో కొన్న సామానుతో పెట్టాం.

ఇవాళ ఆ కథంతా చెప్తాను. కానీ ముందే ఒక మాట. ఇది విని రేపు పొద్దున్నే వెల్డింగ్ షాపుకి పరిగెత్తకండి. మేం మొదటిసారి చేసినప్పుడు చాలా పెద్ద తప్పు చేశాం. ఆ తప్పు మా ఇంటి వాకిట్లోనే బయటపడింది కాబట్టి సరిపోయింది. అదే మంగళగిరి దగ్గర హైవే మీద బయటపడి ఉంటే నేను ఇలా కూర్చుని మీతో మాట్లాడేవాణ్ణి కాదేమో. అందుకే ఈ ఎపిసోడ్‌లో ఎలా చేశామన్నది ఎంత చెప్తానో, ఎలా చెయ్యకూడదన్నది కూడా అంత చెప్తాను.

ముందు బండి గురించి. మాది తెనాలి. నాన్న ముప్పై ఏళ్లకు పైగా టాక్సీ తోలారు. మొదట్లో వేరేవాళ్ల బళ్లు, తర్వాత సొంత బండి. ఆ సొంత బండే ఇది, 1996 మోడల్ అంబాసిడర్, 1800 ఐఎస్‌జెడ్. అంటే ఇసుజు పెట్రోల్ ఇంజన్ ఉన్నది, గేర్ రాడ్ కింద ఫ్లోర్‌లో ఉంటుంది. పెళ్లిళ్లకీ, ఆసుపత్రి కేసులకీ, తిరుపతి ట్రిప్పులకీ ఈ బండే. నన్ను ఇంజనీరింగ్ చదివించింది కూడా ఈ బండే. టాక్సీ మానేశాక ప్లేటు మార్పించి సొంత వాడకానికి ఉంచుకున్నాం.

మీలో కొంతమంది అంబాసిడర్ ఎక్కి కూడా ఉండరు. ఇంగ్లండ్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 అనే కారుని ఆధారం చేసుకుని హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు మన దేశంలో చేసిన కారు ఇది. 1950ల చివర్లో మొదలై 2014 మే దాకా పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో తయారైంది. బాడీ ఎన్నిసార్లు మార్చినా లోపలి ఎముకలు మాత్రం దాదాపు అవే. స్టీరింగ్ ర్యాక్ అండ్ పినియన్. ఇవాళ్టి చిన్న కార్లలో ఉండేది కూడా అదే పద్ధతి. తేడా ఏంటంటే, మీ కారులో స్టీరింగ్ తిప్పడానికి ఒక మోటారు సాయం చేస్తుంది. అంబాసిడర్‌లో మీ భుజాలే ఆ మోటారు.

మూడేళ్ల క్రితం నాన్నకి కుడి భుజం పట్టేసింది. చెయ్యి పైకెత్తితే నొప్పి, వెనక్కి తిప్పితే నొప్పి. డాక్టరు గారు ఫిజియోథెరపీ చెప్పారు, బరువు పని వద్దన్నారు. బండి రోడ్డు మీద పోతుంటే పర్లేదు. కానీ బజార్లో పార్కింగ్ చెయ్యాలన్నా, సందులో యూ టర్న్ కొట్టాలన్నా నాన్న వల్ల అయ్యేది కాదు. ఒకసారి బోస్ రోడ్డులో బండి సగం తిప్పి ఆగిపోయారు. వెనకాల హారన్లు. ఎవరో కుర్రాడు దిగి వచ్చి, "పెద్దాయనా, జరగండి, నేను తిప్పుతా" అన్నాడట. ఇంటికొచ్చి తాళాలు గూట్లో పెట్టేశారు. మళ్లీ ముట్టుకోలేదు. రోజూ పొద్దున బండి దగ్గరికి వెళ్లి, స్టార్ట్ చేసి, ఐదు నిమిషాలు కూర్చుని, ఆపేసి వచ్చేవారు. అంతే.

అమ్మేద్దాం నాన్నా అంటే పలికేవారు కాదు. అప్పుడు అనిపించింది, పవర్ స్టీరింగ్ పెడితే ఎలా ఉంటుందని.

సరే, టెక్నికల్ విషయానికి వద్దాం. మొట్టమొదట చేయాల్సిన పని పవర్ స్టీరింగ్ కొనడం కాదు, స్టీరింగ్ ఎందుకు బరువుగా ఉందో చూడటం. మేం ముందు గాలి చూశాం, రెండు ముందు టైర్లలోనూ తక్కువే ఉంది. ముందు చక్రాల పిన్నులకి, బుషులకి గ్రీజు కొట్టించి ఎన్నాళ్లయిందో గుర్తే లేదు. ఒక టై రాడ్ ఎండ్ పట్టేసి ఉంది. పైగా ఎవరో చెప్పారని వెడల్పు టైర్లు వేశాం. వెడల్పు టైరు నిలబడ్డ చోట తిప్పాలంటే ఎక్కువ బలం కావాలి. టైర్లు పాత సైజుకి మార్చి, గ్రీజు కొట్టించి, టై రాడ్ ఎండ్లు కొత్తవి వేసి, అలైన్‌మెంట్ చేయించాం. స్టీరింగ్ చాలా తేలికైంది. మీలో సగం మందికి ఇక్కడితోనే పని అయిపోతుంది, నమ్మండి. మాకు అవ్వలేదు. నాన్న ఒకసారి తిప్పి చూసి, "బాగుందిరా, కానీ నా చేతికి ఇంకా బరువే" అన్నారు.

ఇక పవర్ స్టీరింగ్. రెండు దారులున్నాయి. మొదటిది హైడ్రాలిక్. ఇంజన్‌కి బెల్టుతో తిరిగే పంపు, ఆయిల్ డబ్బా, ప్రెషర్ పైపులు, పవర్ ర్యాక్ కావాలి. వేరే కారు ర్యాక్ తెచ్చి అంబాసిడర్‌కి బిగిస్తే, టై రాడ్ల పొడవు, ఎత్తు కుదరకపోతే గుంటలో పడిన ప్రతిసారీ చక్రం తనంతట తాను తిరుగుతుంది. ఆ కొలతలు సరిగ్గా రావాలంటే చాలా పని. రెండోది ఎలక్ట్రిక్. ఇందులో మోటారు స్టీరింగ్ కాలమ్ మీదే ఉంటుంది, అంటే డ్యాష్‌బోర్డు వెనకాల. కింద ర్యాక్‌ని ముట్టుకోనక్కర్లేదు. చిన్న కార్లలో ఈ పద్ధతి మొదట వచ్చింది 1988లో, జపాన్‌లో సుజుకి సెర్వో అనే బుల్లి కారులో. ఇవాళ మన రోడ్ల మీద తిరిగే చాలా హ్యాచ్‌బ్యాక్‌లలో ఉండేది ఇదే. అంటే తుక్కు షాపుల్లో కావలసినన్ని దొరుకుతాయి. మేం ఈ దారే పట్టాం.

ఇది ఎలా పనిచేస్తుందో అర్థం చేసుకోండి, తర్వాత మా తప్పు అర్థమవుతుంది. కాలమ్ మధ్యలో ఒక సన్నటి కడ్డీ ఉంటుంది, టార్షన్ బార్ అంటారు. మీరు స్టీరింగ్ తిప్పగానే అది కొద్దిగా మెలి తిరుగుతుంది. ఎంత మెలి తిరిగిందో ఒక సెన్సార్ కొలిచి ఈసీయూకి చెప్తుంది. ఈసీయూ మోటారుకి కరెంటు పంపిస్తుంది. మోటారు ఒక వార్మ్ గేర్ ద్వారా అదే షాఫ్ట్‌ని మీరు తిప్పే వైపే నెడుతుంది. గమనించండి, మీ చేతికీ చక్రానికీ మధ్య ఇనుప లింకు ఎక్కడా తెగలేదు. కరెంటు పోతే సాయం ఆగిపోతుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది, కానీ బండి తిరుగుతుంది. తిరిగి తీరాలి. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి.

సామాను కోసం విజయవాడ ఆటోనగర్ వెళ్లాం. అక్కడ బండి మొత్తం విప్పి వరసగా పేర్చి అమ్మే షాపులు ఉంటాయి. మొదటి షాపులో ఆల్టో కాలమ్ చూపించారు, చవగ్గా ఇస్తానన్నారు. వద్దన్నాం. ఆల్టో ఏడెనిమిది వందల కిలోల బండి, అంబాసిడర్ పదకొండు వందలు దాటుతుంది. చిన్న బండి మోటారుని పెద్ద బండికి కడితే ఎప్పుడూ తన బలం అంచుల్లోనే పనిచేస్తుంది, వేడెక్కుతుంది, సాయం తగ్గించేస్తుంది. అందుకని వెయ్యి కిలోలు దాటిన ఒక కారు కాలమ్ వెతికి పట్టుకున్నాం. ఆరున్నర వేలు తీసుకున్నారు.

కొనేటప్పుడు ఏం చూడాలో చెప్తాను, రాసుకోండి.

ఒకటి, కాలమ్, మోటారు, ఈసీయూ మూడూ ఒకే బండివి ఉండాలి. సెన్సార్ సెట్టింగ్ ఈసీయూకి తెలిసి ఉంటుంది. కాలమ్ ఒక బండిది, ఈసీయూ ఇంకో బండిది అయితే స్టీరింగ్ తనంతట తాను ఒక పక్కకి లాగే ప్రమాదం ఉంది.

రెండు, కనెక్టర్ల దగ్గర వైర్లు కత్తిరించేస్తారు. కనీసం అడుగు వైరుతో సహా ఇమ్మనండి. లేకపోతే ఏ పిన్నుకి ఏ వైరో తెలియక తల పట్టుకుంటారు.

మూడు, ముందు నుంచి గుద్దిన బండి కాలమ్ వద్దు. యాక్సిడెంట్‌లో డ్రైవర్ ఛాతీకి తగలకుండా కాలమ్ లోపలికి కుంగేలా చేస్తారు. ఒకసారి కుంగింది మళ్లీ పనికిరాదు. డ్యాష్‌కి బిగించే చోట ప్లాస్టిక్ బిళ్లలు పగిలి ఉన్నాయా, కాలమ్ పొట్టిగా అయిందా చూడండి.

నాలుగు, కింద ఉండే క్రాస్, అదే యూజే క్రాస్, దాంతో సహా తీసుకోండి. ఐదు, బిల్లు తీసుకోండి. దొంగబండి సామాను అయితే రేపు పోలీసులకి సమాధానం చెప్పాల్సింది మీరు.

ఇంటికి తెచ్చి వైస్‌లో బిగించి, బ్యాటరీకి కట్టి చూశాం. చేత్తో కొద్దిగా తిప్పితే మోటారు "వూం" అని అందుకుంది. రెండు వైపులా సమానంగా లాగుతోందా చూశాం. వదిలేస్తే కదలకుండా ఉందా చూశాం. అన్నీ బాగున్నాయి. నాన్న పక్కనే కుర్చీ వేసుకుని చూస్తున్నారు. ఏమీ అనలేదు, కానీ ఆ రోజు మూడుసార్లు టీ పెట్టించారు.

ఇక మా తప్పు.

కొత్త కాలమ్ పైన కూర్చుంది, ర్యాక్ కింద ఉంది. మధ్యలో కలపాలి. కొత్త కాలమ్ కింది షాఫ్ట్ చివర ఒక రకం పళ్లు, అంబాసిడర్ పినియన్ మీద ఇంకో రకం పళ్లు. ఒకదానికి ఒకటి పట్టవు. మేం ఏం చేశామంటే, అంబాసిడర్ పాత కాలమ్ కింది ముక్క కోసి, కొత్తదాని షాఫ్ట్ ముక్క కోసి, రెండిటినీ ఎదురెదురుగా పెట్టి వెల్డింగ్ చేయించాం. మాకు బాగా తెలిసిన బాబాయే చేశాడు. గేట్లు, ట్రాలీలు బ్రహ్మాండంగా చేస్తాడు. తప్పు ఆయనది కాదు, అడిగింది నేను. పైగా నేనేం చేశానో తెలుసా? వెల్డింగ్ ఉబ్బెత్తుగా అసహ్యంగా ఉందని గ్రైండర్‌తో నున్నగా అరగదీసి నల్ల పెయింట్ కొట్టాను. ఫోటో కూడా తీసుకున్నాను. అసలు ఆ ఉబ్బులోనే కొంత బలం ఉంటుంది. నేను అందం కోసం దాన్ని తీసేశాను.

బిగించాం. స్టార్ట్ చేశాం. నాన్నని కూర్చోబెట్టాం. ఆయన రెండు చేతులూ పెట్టి, అలవాటు ప్రకారం బలం కూడదీసుకుని తిప్పారు. స్టీరింగ్ సర్రుమని తిరిగిపోయింది. "ఓర్నీ" అన్నారు. ఇంకోసారి తిప్పారు, ఈసారి ఎడమ చేత్తో. తర్వాత ఒక్క వేలితో. ఆయన నవ్వు చూసి నాకు నోట మాట రాలేదు. "రేపు పొద్దున అమ్మని తీసుకుని మంగళగిరి వెళ్లొద్దాం రా, పానకాల స్వామి దర్శనం చేసుకుని" అన్నారు.

సాయంత్రం బండి వాకిట్లోంచి షెడ్డులోకి పెడదామని నేను ఎక్కాను. నాన్న పక్క సీట్లో ఉన్నారు. ముందు చక్రం గడప రాయికి ఆనుకుని ఉంది, నాకు తెలియదు. వేలితో స్టీరింగ్ తిప్పాను. మోటారు "వూం" అంది. తర్వాత "టక్" అని ఒక చప్పుడు. అంతే. స్టీరింగ్ చేతిలో గిరగిరా తిరుగుతోంది. చక్రాలు కదలట్లేదు.

నేను ఇంజన్ ఆపేశాను. ఇద్దరం అలాగే కూర్చున్నాం. కాసేపటికి నాన్న అన్నారు, "రేపు పొద్దున మీ అమ్మ వెనక సీట్లో ఉండేది."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. విరిగిన ముక్క తీసి చూస్తే, వెల్డింగ్ పైపైన మాత్రమే పట్టింది, లోపలికి దిగలేదు. కానీ ఎందుకు అంత తొందరగా విరిగింది? ఆలోచిస్తే రెండు విషయాలు అర్థమయ్యాయి. ఈ ఎపిసోడ్‌లో అసలు చెప్పాలనుకున్నవి ఇవే.

మొదటిది, మోటారు ఉన్నది కాలమ్ మీద. అంటే మోటారుకి పైన ఉన్న షాఫ్ట్ మీద మీ చేతి బలం ఒక్కటే పడుతుంది. మోటారుకి కింద ఉన్న ప్రతి ముక్క మీదా, అంటే షాఫ్ట్, క్రాసులు, బోల్టులు, పినియన్, అన్నిటి మీదా చేతి బలం, మోటారు బలం రెండూ కలిసి పడతాయి. మనం కోసి అతికే ముక్క సరిగ్గా అక్కడే ఉంది.

రెండోది, చెయ్యి ఒక కొలబద్ద. పాత స్టీరింగ్‌లో చక్రం రాయికి ఆనితే చేతికి తెలిసిపోతుంది, ఆపేస్తాం. మోటారు వచ్చాక చేతికి తెలియదు. హాయిగా వేలితో తిప్పుతూనే ఉంటాం, కింద ఇనుము మాత్రం మెలి తిరిగిపోతూ ఉంటుంది. స్టీరింగ్ తేలికైంది మనకే. కింద ఉన్న సామానుకి కాదు. దానికి ఇంకా బరువెక్కింది.

అందుకని తుక్కు సామాను వాడటం తప్పు కాదు ఫ్రెండ్స్. ఫ్యాక్టరీలో తయారైన కాలమ్, దాని పని అది బాగానే చేసింది. విరిగింది మనం చేసిన అతుకు.

నాన్న ఆ తర్వాత రెండు వారాలు దాని గురించి మాట్లాడలేదు. నేను కూడా మానేద్దామనుకున్నాను. ఒకరోజు ఆయనే ఆ విరిగిన ముక్క చేతిలో పట్టుకుని వచ్చారు. "ఇది అతక్కుండా, కొత్తగా ఒకటే ముక్కగా చేయించలేమా?" అని అడిగారు. చేయించొచ్చు. అది ముందే చేయించాల్సింది.

మళ్లీ ఆటోనగర్. ఈసారి గేర్ కటింగ్ చేసే షాపుకి వెళ్లాం. కొలతలిచ్చి, ఈఎన్ 24 అనే గట్టి స్టీలు కడ్డీ నుంచి ఒకటే ముక్క షాఫ్ట్ చేయించాం. రెండు చివర్లా పళ్లు కోయించాం. పైన కొత్త కాలమ్ క్రాస్‌లోకి వెళ్తుంది. కింద ఇంకో క్రాస్. దాని యోక్‌లో అంబాసిడర్ పినియన్‌కి సరిపోయే లోపలి పళ్లు కోయించాం. వెల్డింగ్ అనేదే లేదు. బిగించే బోల్టు షాఫ్ట్ మీద ఉన్న గాడిలో కూర్చుంటుంది. ఒకవేళ బోల్టు కొంచెం వదులైనా షాఫ్ట్ జారి బయటికి రాదు. బోల్టులు కొత్తవి, హై టెన్సైల్ రకం, లాక్ నట్లతో. పాత బోల్టు ఒక్కటి కూడా వాడలేదు.

ఇక్కడ ఇంకో సంగతి. రెండు క్రాసులు ఉన్నప్పుడు, మధ్య షాఫ్ట్ రెండు చివర్లా ఉన్న యోకులు ఒకే వరసలో ఉండాలి. ఒక పన్ను అటూ ఇటూ అయినా స్టీరింగ్ ఒక చోట తేలిగ్గా, ఒక చోట బరువుగా తిరుగుతుంది. క్రాస్ మరీ వంకరగా పనిచేయకూడదు, కోణం ముప్పై డిగ్రీలు దాటకుండా చూసుకోండి. పూర్తిగా ఒక చివర నుంచి ఇంకో చివరకి తిప్పి, ఎక్కడా బాడీకి, పైపులకి రాసుకోవట్లేదని చూడండి.

కాలమ్‌ని పట్టుకునే బ్రాకెట్ కూడా ముఖ్యమే. మోటారు షాఫ్ట్‌ని కుడికి నెడితే, కాలమ్ బాడీ ఎడమకి తిరగాలని చూస్తుంది. పల్చటి రేకుకి బిగిస్తే ఊగుతుంది, కొన్నాళ్లకి చిరిగిపోతుంది. మేం డ్యాష్ కింద దళసరి ప్లేటుతో బ్రాకెట్ చేయించాం. కానీ కాలమ్ కుంగడానికి ఉన్న ప్లాస్టిక్ బిళ్లల జోలికి పోలేదు. బ్రాకెట్ వెల్డింగులు డై టెస్ట్ చేయించాం. ఎర్ర రంగు కొట్టి, తుడిచి, తెల్ల పొడి చల్లితే, పగులు ఉన్న చోట ఎర్రటి గీత కనిపిస్తుంది. ఖర్చు పెద్దగా ఉండదు.

కరెంటు సంగతి. నిలబడ్డ చోట స్టీరింగ్ తిప్పితే ఈ మోటారు ఒక్కసారిగా 40, 50 ఆంపియర్లు లాగుతుంది. అందుకని బ్యాటరీ నుంచి నేరుగా దళసరి వైరు, బ్యాటరీ పక్కనే ఫ్యూజు, మంచి ఎర్త్ ఉండాలి. పాత తాళం స్విచ్ గుండా ఈ కరెంటు పంపితే వైరింగ్ కాలిపోతుంది. స్విచ్‌తో రిలే మాత్రమే పనిచేయించాలి. మీ బండికి ఆల్టర్నేటర్ కాకుండా పాత డైనమో ఉంటే, అది ఇచ్చేదే పాతిక ఆంపియర్ల దగ్గర. ముందు దాన్ని మార్చుకోవాలి.

చివరిది స్పీడు సిగ్నల్. కొత్త కార్లలో బండి వేగం పెరిగేకొద్దీ ఈసీయూ సాయం తగ్గిస్తుంది. పార్కింగ్‌లో తేలిగ్గా, హైవే మీద బిగువుగా ఉండాలి కాబట్టి. అంబాసిడర్‌లో స్పీడోమీటర్ తిరిగేది కేబుల్‌తో. ఈసీయూకి చెప్పేవాళ్లు ఎవరూ లేరు. మేం మొదట నాబ్ ఉన్న చిన్న డబ్బా పెట్టాం. బండి ఎప్పుడూ ఒకే వేగంలో ఉన్నట్టు ఈసీయూని నమ్మిస్తుంది. ఖాళీ రోడ్డు మీద డెబ్బైలో వెళ్తే స్టీరింగ్ గాల్లో ఉన్నట్టు ఉంది, కొంచెం తుమ్మితే బండి పక్క లైన్లోకి పోయేలా ఉంది. అది తీసేసి, స్పీడో కేబుల్ మధ్యలో బిగించే సెన్సార్ పెట్టాం. ఇప్పుడు సరిగ్గా ఉంది.

అన్నీ అయ్యాక ఒక పరీక్ష మిగిలింది. నిజానికి అసలు పరీక్ష ఇదే. ఊరి బయట ఖాళీ గ్రౌండ్‌కి తీసుకెళ్లాం. నేను తోలుతూ, పక్కనున్న ఫ్రెండ్‌ని ఫ్యూజు తీయించే ఏర్పాటు చేసి, నెమ్మదిగా వెళ్తూ సాయం ఆపేయించాను. స్టీరింగ్ బరువెక్కింది. మోటారు గేర్ కూడా తిప్పాలి కాబట్టి పాతదానికంటే కొంచెం ఎక్కువ బరువే. కానీ తిరిగింది. తర్వాత నాన్నని కూర్చోబెట్టాను. సాయం ఉన్నప్పుడు ఆయన తోలగలరు, సరే. దారిలో సాయం పోతే ఆ భుజంతో బండిని పక్కకి తీసి ఆపగలరా? ఆపలేకపోతే ఈ పనంతా దండగ, బండి రోడ్డెక్కదని ముందే అనుకున్నాం, నాన్న కూడా ఒప్పుకున్నారు.

ముప్పైలో వెళ్తున్నప్పుడు ఆపేయించాను. ఆయన ముఖం బిగుసుకుంది. ఎడమ చేత్తో గట్టిగా లాగి, బండిని గ్రౌండ్ అంచుకి తీసుకెళ్లి ఆపారు. మూడుసార్లు చేయించాను. మూడుసార్లూ ఆపారు. కదిలే బండికి స్టీరింగ్ తేలిక, నిలబడ్డ బండికే బరువు. అదే ఆయనకి కలిసొచ్చింది.

చట్టం గురించి కూడా చెప్పాలి. 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, ఆర్.సి.లో ఉన్న వివరాలు తయారీదారు ఇచ్చిన వాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. స్టీరింగ్ రకం ఆర్.సి.లో ఉండదు కదా అని మీకు మీరే తేల్చేసుకోకండి. పని మొదలుపెట్టకముందే ఆర్టీవో ఆఫీసులో అడగండి, బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారికి చూపించండి, ఇన్సూరెన్స్ వాళ్లకి కాగితం రాసి ఇవ్వండి. మేం అలాగే చేశాం. బండికి యాభై ఏళ్లు దాటి వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించాలనుకునేవాళ్లు మాత్రం పాత సామాను జాగ్రత్తగా దాచుకోండి. మళ్లీ పాత పద్ధతికి మార్చుకునేలా ఏది చేసినా బోల్టులతోనే చేయండి.

మొత్తం ఖర్చు, మొదటి తప్పు పనితో కలిపి ముప్పై వేలు దాటింది. నట్ల మీద పెయింట్ గీతలు గీసి పెట్టుకున్నాం. గీత కదిలితే నట్టు వదులైనట్టు. వంద కిలోమీటర్లకి ఒకసారి, ఐదువందలకి ఒకసారి చూశాం. ఇప్పుడు ప్రతి నెలా మొదటి ఆదివారం నాన్నే చాప వేసుకుని బండి కింద దూరి టార్చి కొట్టి చూస్తారు.

మంగళగిరి వెళ్లొచ్చాం. అమ్మ వెనక సీట్లోనే కూర్చుంది. వచ్చేటప్పుడు బోస్ రోడ్డులో నాన్న కావాలనే ఆగి, అదే చోట యూ టర్న్ కొట్టారు. చుట్టూ ఎవరూ పట్టించుకోలేదు. ఆయన మాత్రం ఇంటికొచ్చేదాకా ఏదో పాట కూనిరాగం తీస్తూనే ఉన్నారు.

ఆ విరిగిన వెల్డింగ్ ముక్క మా షెడ్డులో మేకుకి వేలాడదీసి ఉంచాను. మీలో ఎవరైనా పాత బండికి ఈ పని చేయాలనుకుంటే, మా ఊరొస్తే ముందు అది చూపిస్తాను. ఆ తర్వాతే బండి చూపిస్తాను.

సరే ఫ్రెండ్స్, ఇవాళ్టికి ఇంతే. మీ ఇంట్లో కూడా మూలన పడి ఉన్న పాత బండి ఉంటే, ముందు గాలి కొట్టించండి, గ్రీజు కొట్టించండి, ఒకసారి పెద్దాళ్లని ఎక్కించుకుని తిప్పండి. మళ్లీ కలుద్దాం, ఉంటాను.